డిక్కీలో కుడి మూల

ఒంటిగంటకి లిఫ్టు ఖాళీ చేయాలి దోన్ బేతో, ఆలోగా ఏదో ఒకటి తేల్చండి, అని చెప్పి మెకానిక్ బ్రూనీ చేతులు గుడ్డకు తుడుచుకుని రోడ్డు దాటింది. అవతల ఆగి ఉన్న వ్యాను దగ్గర శనివారం పూట కాల్చిన పంది మాంసం, అన్నం దొరుకుతాయి. సగం దాటాక వెనక్కి తిరిగి, "పోపుగార్ని ఎన్నుకోవడానికి కూడా ఇంత సేపు పట్టదండీ! తేలిపోతే రోములోలా పొగ వదలండి, అక్కణ్ణుంచే చూస్తా," అని అరిచింది. బేతో చెయ్యెత్తాడు. పన్నెండూ ఐదు. యాభై ఐదు నిమిషాలు ఉన్నాయి, ఎదురుగా బల్ల మీద కొత్త షాక్ అబ్జార్బర్ల డబ్బాలు రెండు, ఒక పాత అట్టపెట్టె ఉన్నాయి, లిఫ్టు మీద నడుమెత్తున అతని రెండు సీట్ల కారు ఉంది. చక్రాలు లేవు. డిక్కీ తెరిచి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా నడుపుతున్న కారును ఇలా చూస్తే ఆసుపత్రిలో తెలిసినవాళ్లను చూసినట్టు ఉంటుంది, ఎక్కడ చూడాలో తెలియదు, అందుకని డబ్బాల వైపే చూశాడు.

మొదటి డబ్బా గట్టిది. ముందు స్ప్రింగు పది, వెనక ఎనిమిది, అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి పది కిలోల బరువు కావాలి, పందెపు దారికి చేసింది. రెండోది మెత్తనిది, ఆరు, నాలుగు, రోజూ తిరిగే కారుకు చేసింది. పాత అట్టపెట్టెలో ఇంతకాలం కారుకు ఉన్నవే ఉన్నాయి, విప్పినవి ముందువి రెండు, ఇంకా విప్పనివి వెనకవి రెండు. నూనె కారిపోయింది, పంపిస్తే బాగుచేసి ఇస్తారు, ఆరు వారాలు పడుతుంది. బ్రూనీ మూడింటి గురించీ చెప్పింది, వేళ్లు మడిచి చెప్పింది, గట్టిదానికి వెనక బిగువు సరిచేసే నాబ్ అడుగున ఉంటుందనీ, తిప్పాలంటే కారు కిందికి దూరాలనీ, "మీకేం నష్టం లెండి, మీరు జన్మలో తిప్పరుగా," అనీ అంది. నిజమే. ఇరవై ఒక్కేళ్లలో అతను నాబ్ ముట్టుకోలేదు. నాలుగు చక్రాలకూ ఎనిమిది. పూర్తిగా బిగించి అక్కణ్ణుంచి ఎనిమిది క్లిక్కులు వెనక్కి, ఎంత వెనక్కి తిప్పితే అంత మెత్తన. అతను సర్వేయరు. ఒకచోట రాయి పాతాక ఆ రాయిని కదిలించకూడదు, మిగతా కొలతలన్నీ దాని నుంచే మొదలవుతాయి. ఇదంతా బ్రూనీకి తెలుసు. ఆమెకు తెలియనిది ఒక్కటే. అతనికి కావలసింది కొండ మీద వేగం కాదు, ఇంటి నుంచి ఆఫీసుకి పోయే దారిలో పద్నాలుగు స్పీడు బ్రేకర్లు దాటడమూ కాదు. అతని పక్కన కుడి సీట్లో భార్య మిగ్దాలియా మళ్లీ కూర్చోవాలి. రెండేళ్లయింది కూర్చుని. ఏ డబ్బా విప్పితే కూర్చుంటుందో ఏ డబ్బా మీదా రాసి లేదు, తప్పు డబ్బా విప్పాడంటే ఆమె ఒకసారి ఎక్కి, ఏమీ అనకుండా దిగి, ఇంక ఎప్పటికీ ఎక్కదు, ఆ సంగతి మాత్రం అతనికి తెలుసు. అడిగితే సరిపోయేది. నిన్న రాత్రి భోజనాల దగ్గర అడగబోయాడు కూడా, ఏది వేయించమంటావు అని, ఆమె పళ్లెం తీసి సింకులో పెట్టి, "నీ కారు, నీ ఇష్టం," అంది.

అదివరకు అలా అనేది కాదు. మన బండి అనేది. ఆ పాత షాక్ అబ్జార్బర్లు వేయించిన రోజున ఇదే షాపులో ఇదే గోడ దగ్గర నిలబడి, మన బండికి ఎముకలు మారుస్తున్నారు అంది, అప్పుడు షాపు బ్రూనీ వాళ్ల నాన్నది, దోన్ ఎఫ్రాయిన్‌ది, బ్రూనీకి పదకొండో పన్నెండో, ఆ మూలన టైరు మీద కూర్చుని లెక్కల పుస్తకం మీద సైకిల్ బొమ్మలు గీసేది. బేతోకి అప్పుడు ముప్పై ఎనిమిది. జపాన్ నుంచి డబ్బా రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఎఫ్రాయిన్ దాన్ని కత్తితో కోయకుండా తాడు ముడి విప్పి తెరిచాడు, లోపల కాయితం తీసి చదవలేకపోయినా రెండు వైపులా చూశాడు. పక్కన ఎవరు కూర్చుంటారు నీకు, అని అడిగాడు. మా ఆవిడ, ఆదివారాలు, అన్నాడు బేతో. ఎఫ్రాయిన్ మిగ్దాలియా వైపు ఒకసారి చూశాడు. తర్వాత బేతోని కాఫీకి పంపాడు, మూడు కాఫీలు, ఒకదాంట్లో చక్కెర వద్దు, అతను కాఫీలు తెచ్చేసరికి ఆ ఇద్దరూ డిక్కీ దగ్గర నిలబడి మాట్లాడుతున్నవాళ్లు ఆపేశారు. మిగ్దాలియా బొటనవేలికి గ్రీజు అంటింది. ఆ వేలు అతని చొక్కాకే తుడిచింది. కొత్త చొక్కా. ఆ మరక పోలేదు, ఆ చొక్కా ఇంకా ఉంది, పొలాల్లోకి వెళ్లినప్పుడు వేసుకుంటాడు. ఆ సాయంత్రం ఎఫ్రాయిన్ అతన్నొక్కణ్ణే వెంటబెట్టుకుని కొండ దారిలో పైకి తీసుకెళ్లాడు, నువ్వు నడుపు, నేను వింటా, అన్నాడు, కళ్లు మూసుకుని విన్నాడు, నాలుగో మలుపులో కళ్లు తెరిచి, ఎనిమిది, అన్నాడు. నీ చేతులకి ఎనిమిది. పెట్టింది ముట్టుకోకు.

గట్టి డబ్బా చూస్తే ఆ సాయంత్రమే గుర్తొస్తుంది, అదే ఇబ్బంది. పది, ఎనిమిది అని చదివితే చేతులకి ఆ స్టీరింగు బిగువు తెలుస్తోంది. ఇప్పుడు యాభై తొమ్మిది. మోకాలు కుడిది సరిగా లేదు, దిగేటప్పుడు తలుపు పట్టుకుంటాడు. పందెం ఎవరితో? ఆఫీసులో కుర్రాళ్లతోనా, వాళ్లు అతని కారుని మ్యూజియం అంటారు. ఇంక పాతవే బాగుచేయిస్తే, ఆరు వారాల తర్వాత కారు అప్పటిలాగే ఉంటుంది, ఎనిమిది మీద, ఎఫ్రాయిన్ విన్నట్టే, కానీ ఎఫ్రాయిన్ లేడు, పెద్ద తుపాను వచ్చిన ఏడాది పోయాడు, కరెంటు లేని రోజుల్లో, శవపేటిక మోసినవాళ్లలో బేతో ఒకడు. పాతవి అలాగే వస్తాయి. సీటు ఖాళీగానే ఉంటుంది, పాతవి ఉండగానే కదా ఖాళీ అయింది.

ఆదివారాలు పొద్దున ఎనిమిదికి బయలుదేరేవాళ్లు. గ్వావాతే వరకు కొండ దారి, పది దాటితే కార్లు నిండిపోతాయి, అందుకని ఎనిమిది. బయలుదేరేముందు అతను గ్యాసు కట్టేశాడో లేదో చూసుకోవడం, కిటికీలు, గేటు తాళం. ఆమె ముందే బయటికి పోయేది. కారు వేడెక్కాలి కదా అనేది, కారు స్టార్టు చేసేది మాత్రం కాదు. డిక్కీ ముట్టుకోకు, నేను సర్దుతా, అనేది. సర్దడానికి ఏముంది, ఒక సంచి, గొడుగు, కొండ మీద వేసుకోవడానికి ఒక జత చెప్పులు. అయినా ఆ డిక్కీ ఆమెది. తిరిగొచ్చాక కూడా ఆమే ఖాళీ చేసేది, అతను సాయానికి వస్తే చేత్తో తోసేది, వెళ్లు, కాళ్లు కడుక్కో, అని. అక్కడ పొయ్యిల దగ్గర కాల్చిన పంది చర్మం పెళపెళమని కోసే కత్తి చప్పుడు, పచ్చి అరటికాయలు ఉడికినవి, చెక్క గద్దె మీద ముసలివాళ్ల బృందం పాట, మిగ్దాలియా తినడం మొదలుపెట్టకముందే లేచి ఎవరితోనో ఒక చుట్టు నాట్యం చేసి వచ్చేది. బేతో నాట్యం చేయడు. సంచి కాపలా కాసేవాడు. తిరిగొచ్చే దారిలో చెప్పులు విప్పి కాళ్లు డాష్‌బోర్డు మీద పెట్టేది, ఇటుక రంగు గోళ్లు, ఆ రంగు ఎప్పుడూ ఒకటే, అంతకుముందు చాలాకాలం గులాబీ, వాళ్ల చెల్లెలి పెళ్లినాటి నుంచి ఇటుక.

ఆదివారాలు కారు వేరేగా పోయేది. అది నిజం, ఊహ కాదు, అతనికి కొలతలు తెలుసు. ఎడమ మలుపుల్లో కుడి వెనక మూల ఒక్క క్షణం ఆలస్యంగా కూర్చునేది, ఎవరో అక్కడ కుర్చీ జరుపుకుని కూర్చున్నట్టు. సోమవారం ఆఫీసుకి పోయేటప్పుడు ఉండేది కాదు. రెండుసార్లు చక్రాలు సరిచూపించాడు, ఎఫ్రాయిన్ చూసి, చక్రాలు బాగానే ఉన్నాయి, ఆదివారం ఆదివారమే కదా, అన్నాడు, అదేం జవాబని బేతో నవ్వాడు. పక్క సీట్లో మనిషి బరువు అనుకున్నాడు. ఒకసారి అనేశాడు కూడా, ఎడమకి తిరిగితే కారు నీ వైపు ఒరుగుతోంది, లావయ్యావేమో, అని. ఇంకెవరైనా అయితే ఆ పూట మాటలుండవు. ఆమె నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది, ఆగి, అతని ముఖం చూసి, మళ్లీ నవ్వింది, "అవునవును, లావయ్యా, ఇంకా అవుతా," అని తొడ మీద కొట్టింది. ఆ మాటకి అంత నవ్వు ఎందుకో అప్పుడూ తెలియలేదు. అలవాటైపోయింది. ఆదివారం ఎడమ మలుపుకి కాస్త ముందే బ్రేకు వేసేవాడు, చేతులు వాటంతట అవే చేసేవి.

వాన మొదలైంది. రేకుల మీద మధ్యాహ్నపు వాన, అరగంట కంటే పడదు. వ్యాను దగ్గర బ్రూనీ గొడుగు కిందికి జరిగింది. పన్నెండున్నర. మెత్తనిది వేయించుకుంటే ఆమెకి చెప్పాలి, నీ కోసం వేయించా అని, అలా చెబితే ఆమె, నేనడిగానా, అంటుంది. అంటుందని తెలుసు, ఎందుకంటే నడుము నొప్పి అని ఆమె చెప్పిన తర్వాత అతను సీటు మీదికి దిండు కొన్నాడు, అప్పుడు అదే అంది. దిండు ఇంకా కవర్లోనే ఉంది. రెండేళ్ల కిందట, ఈస్టర్ ఆదివారం. ఎనిమిదికి గేటు తాళం వేసి వస్తే ఆమె డిక్కీ మూసి, సంచి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "నా నడుము ఒప్పుకోవట్లేదు. నువ్వెళ్లు," అంది. ముఖంలో నొప్పి కనబడలేదు, మరింకేదో కనబడింది, అది నొప్పి అనే అనుకున్నాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే వద్దంది. తన టొయోటాలో చెల్లెలింటికి పోతుంది ఆదివారాలు, నలభై నిమిషాల దారి, అది చెడ్డ రోడ్డు, ఆ నడుముతోనే పోతుంది. అతను ఒక్కడే గ్వావాతే పోయాడు, కొన్నాళ్లు, మాంసం రేకు కాయితంలో చుట్టించుకుని తెచ్చేవాడు, ఆమె తినేది, బాగుంది అనేది. కారు రెండు వైపులా సమంగా తిరిగింది. కుడి మూల ఆలస్యం పోయింది. అనుకున్నట్టే బరువే, అనుకున్నాడు, ఆ సమత చేతులకి నచ్చలేదు, ఎడమ మలుపుల్లో అనవసరంగా ముందే బ్రేకు వేస్తూనే ఉన్నాడు.

కూర్చోలేక లేచాడు. కారు చుట్టూ తిరిగి డిక్కీ దగ్గర ఆగాడు. బ్రూనీ కార్పెట్ పీకేసింది, ఎడమ వైపు ఊరికే వచ్చింది, కుడి మూల చిరిగింది, అడుగున గమ్ము పసుపుగా గట్టిపడి ఉంది. పొద్దున దాన్ని పీకుతూ ఆమె, "ఇక్కడ సిమెంటు వేసిందెవరండీ బాబూ, సమాధి కట్టినట్టు కట్టారు," అంది. నేనే, అన్నాడు. ఆ మూల ఎప్పుడూ లేచిపోయి ఉండేది. ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ ఆదివారానికి లేచేది, ఎడమ మూల మాత్రం కొన్ననాడు ఉన్నట్టే ఉండేది, కుడి మూల అంచు నలిగి, పోగులు ఊడి, కుక్క చెవిలా మడత పడి ఉండేది. అది చూస్తే అతనికి చిరాకు. పవిత్ర వారంలో సెలవులు, చేతికి పని లేదు, డబ్బా గమ్ము తెచ్చి, గీకి, శుభ్రం చేసి, అతికించి, పైన ఇటుకలు పెట్టి రెండు రోజులు ఉంచాడు. శుక్రవారం అతికించాడు. ఆదివారానికి ఆరింది.

ఈస్టర్ ఆదివారం.

ఆ రెండు తారీకులూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇప్పుడు కూడా అవి వాటంతట అవే పక్కకి వచ్చి నిలబడ్డాయి, అతను పిలవలేదు. ఫోను లైటు వేసి కుడి మూలలోకి వంగాడు. రేకు కన్నంలోంచి షాక్ అబ్జార్బర్ తల, దాని మీద నాబ్. ఎడమ వైపు నాబ్ మీద దుమ్ము పేరుకుని ఉంది, వేలి ముద్ర లేదు, ఇరవై ఒక్కేళ్ల దుమ్ము. కుడి నాబ్ అంచులు అరిగి మెరుస్తున్నాయి. నాబ్ మీద ఒక చుక్క, పక్కన రేకు మీద ఒక చుక్క. ఎఫ్రాయిన్ గుర్తులు తెల్ల పెయింటుతో పెట్టేవాడు. ఇది తెలుపు కాదు. గోటితో గీకాడు. పైన ఇటుక రంగు, ఒక పొర కాదు, చాలా పొరలు, పోయినప్పుడల్లా మళ్లీ పెట్టినట్టు ఉబ్బెత్తుగా ఉంది, అది రాలితే అడుగున గులాబీ వచ్చింది.

రెండు చుక్కలూ ఎదురెదురుగా లేవు. నాబ్ పట్టుకుని ముందు పూర్తిగా బిగించాడు, లెక్కపెట్టాడు, ఎనిమిది. ఆమె ఇంటికొచ్చాక ప్రతిసారీ ఎనిమిదికే తెచ్చి పెట్టేది, ఒక్క క్లిక్కు తేడా లేకుండా, అతని సోమవారాలు అతనికి అప్పగించేది. తర్వాత వెనక్కి తిప్పాడు. తొమ్మిది, పది. పదకొండు, ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. పన్నెండు, కారు వేడెక్కాలి కదా. పదమూడు, డిక్కీ ముట్టుకోకు. పద్నాలుగు, బొటనవేలి గ్రీజు, చొక్కా మీద. పదిహేను, పదహారు, ఎఫ్రాయిన్ అంతా తెలిసి చక్రాలు వంగి చూశాడు, ముఖం మార్చకుండా. పదిహేడు, పద్దెనిమిది, లావయ్యా, ఇంకా అవుతా. పంతొమ్మిది. ఇరవై దగ్గర చుక్కకి చుక్క ఎదురు వచ్చింది. నాబ్ వదల్లేదు. పంతొమ్మిదేళ్లు ఆమె ఆ కారులో రావడానికి ప్రతి ఆదివారం ఇంత పని చేసింది, అతను కిటికీలు మూస్తుండగా. ఎనిమిది సరైనదని అతను పదిమందిలో చెబుతుంటే పక్కన కూర్చుని తల ఊపింది.

ఫోను చేశాడు. మూడో రింగుకి ఎత్తింది.

"ఏంటి, కొండ మీద ఆగిపోయిందా నీ కారు?"

"లేదు. బ్రూనీ షాపులోనే ఉన్నా." వాన చప్పుడుకి గొంతు పెంచాల్సి వచ్చింది. "డిక్కీలో కుడి మూల కార్పెట్ ఊడదీశారు."

అవతల వంటింట్లో రేడియో మోగుతోంది. అది ఆగింది.

"ఇరవై," అన్నాడు బేతో.

"ఇరవయ్యే," అంది. "ఎఫ్రాయిన్‌ గారు పద్దెనిమిది చాలన్నారు. నేనే ఇంకో రెండు తిప్పుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఊరుకునే రకమా నువ్వు? పుస్తకం తెచ్చి, బొమ్మ గీసి, ఎనిమిదే ఎందుకు కరెక్టో నాకు పాఠం చెప్పేవాడివి. ఆ పాఠం అయ్యేసరికి గ్వావాతేలో మాంసం అయిపోయేది."

"మరి అతికించినప్పుడైనా?"

అవతల కుర్చీ లాగిన చప్పుడు.

"కనిపెట్టేశావనుకున్నా. కనిపెట్టి, నోటితో ఒక్క మాట అనకుండా గమ్ము పెట్టావనుకున్నా. వస్తే నా ఎనిమిది మీద రా, లేదా ఇంట్లో ఉండు అని. గోళ్లతో లాగి చూశాను బేతో. రాలేదు. అంత గట్టిగా పెట్టినవాణ్ణి ఇంకేం అడుగుతారు?"

చేతిలో నాబ్ ఉంది. శుక్రవారం పొద్దున తను గీకి గీకి శుభ్రం చేయడం, ఇటుకలు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పేర్చడం కనబడింది.

"నాకు తెలీదు," అన్నాడు. "ఆ మూల లేచిపోతోందని పెట్టా. చూడ్డానికి బాగోలేదని."

"అంతేనా?"

"అంతే."

"అయ్యో దేవుడా," అంది మిగ్దాలియా. తర్వాత నవ్వింది, అప్పటి నవ్వు కాదు, చిన్నది, మధ్యలో ముక్కు చీదుకుంది. "రెండేళ్లు మా చెల్లెలి వంట తిన్నా నీ వల్ల. ఆవిడకి ఉప్పు వేయడం రాదు. సరే, ఆ కొత్తవాటికి నాబ్ ఉందా?"

"రెండింటికీ ఉంది. ఒకదానికి అడుగున, కారు కిందికి దూరాలి. మెత్తనిదానికి పైనే. డిక్కీలో."

"కార్ల కిందికి దూరే వయసా నాది?" అంది. "రేపు ఎనిమిదికి. డిక్కీ ముట్టుకోకు."

పెట్టేసింది.

వాన తగ్గింది. బ్రూనీ రోడ్డు మీద నీళ్లు దాటుకుంటూ వచ్చింది, చేతిలో రేకు కాయితపు పొట్లం. ఒంటిగంటకి ఏడు నిమిషాలున్నాయి. "పొగ రాలేదేంటండీ?" అంటూ అతని ముఖం చూసి ఆగింది. "ఏమైంది దోన్ బేతో? కూర్చోండి. మీకూ తెచ్చా, తినండి ముందు."

"మెత్తనిది విప్పు," అన్నాడు.

"హమ్మయ్య. నేనూ అదే అనుకున్నా, చెబితే మీకు రోషమొస్తుందని ఊరుకున్నా." కత్తి తీసి, ఏదో గుర్తొచ్చినట్టు కింద పెట్టి, వాళ్ల నాన్నలాగే తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. "క్లిక్కులు ఎన్ని పెట్టను? ఈ స్ప్రింగు వేరు, ఎనిమిది కుదరదు, చెప్తున్నా ముందే. నడిపి చూసి వెతుక్కోవాలి."

"మూడు చక్రాలకి నువ్వు వెతుకు."

"మరి నాలుగోది? కుడి వెనకది ఎంత పెట్టమంటారు?"

"నాకు తెలీదు," అన్నాడు బేతో.

బ్రూనీ తలెత్తి చూసింది. ఈ మనిషి నోట ఆ మాట ఆమె వినలేదు, వాళ్ల నాన్న కూడా విని ఉండడు. డిక్కీ వైపు చూసింది, నాబ్ మీది చుక్క, రేకు మీది చుక్క, ఆమె కళ్లు ఒకదాని నుంచి ఒకదానికి పోయి వచ్చాయి. చిరిగిన కార్పెట్ ముక్క తీసి చెయ్యి చాచి పట్టుకుంది.

"మరి ఇది? గమ్ము ఉంది, సాయంత్రానికి అతికించేస్తా."

"వద్దు," అన్నాడు. "ఆ మూల లేచే ఉండనీ."